స్కేట్‌బోర్డుకు ఏ ప్యాంటు? నల్లగొండ, పాలమూరు స్కేటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్ల ఉన్న జీన్స్‌తోనే షురూ చేయొచ్చా?

చేయొచ్చు. కాకపోతే ముందు మూడు పరీక్షలు పెట్టండి. షూ వేసుకుని, మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోండి. నడుము వెనక పట్టీ జారి లోపలి బట్ట కనిపించినా, తొడల దగ్గర గుడ్డ బిగిసి అడ్డ ముడతలు పడినా ఆ ప్యాంటు పనికిరాదు. తర్వాత ఒంటికాలి మీద నిలబడి రెండో మోకాలిని ఛాతీ దాకా లేపండి. చేత్తో గుడ్డను పైకి లాక్కోకుండానే మోకాలు లేవాలి. చివరగా అడుగున్నర ఎత్తు స్టూలు మీదికి ఒక్క అడుగులో ఎక్కి దిగండి. ఆలీ, అంటే బోర్డుతో సహా గాల్లోకి ఎగిరే విన్యాసం కొట్టేటప్పుడు ముందు మోకాలు లేచే ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. ఈ మూడూ గట్టెక్కిన జీన్స్ పాతదైనా ఫరవాలేదు, నేర్చుకునే మొదటి రెండు నెలలు దాంతోనే లాగించండి.

ఒంటికి అతుక్కునే స్కిన్నీ జీన్స్‌ను మాత్రం పక్కన పెట్టేయండి. సాగుతుంది కదా అని వేసుకుంటారు. నిజమే, గుడ్డ సాగుతుంది, కుట్టులోని దారం సాగదు. తెగేది ఆ దారమే.

ప్యాంటు అసలు ఎక్కడ చిరుగుతుంది? ఎందుకు?

మిగతావన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడ్డాయి. చిరిగే చోట్లు నాలుగే.

మొదటిది సీటు కింద, నాలుగు కుట్లు వచ్చి ఒకే బిందువులో కలిసే చోటు. కాళ్లు ఎడం చేసి కూర్చున్న ప్రతిసారీ నాలుగు దిక్కుల నుంచి లాగుడు వచ్చి ఆ బిందువు మీదే పడుతుంది. పైగా మన దగ్గర దర్జీలు, రేపు లావైతే విప్పుకోవడానికి వీలుగా, వెనక సీటు కుట్టులో అంగుళంన్నర, రెండంగుళాల గుడ్డ లోపల వదిలి ఒంటి కుట్టే వేస్తారు. పెళ్లికో ఆఫీసుకో వేసుకునే ప్యాంటుకు ఆ తెలివి బాగానే ఉంటుంది. బోర్డు మీద మాత్రం ఆ ఒంటి కుట్టు పటుక్కున తెగుతుంది. చాలామంది ప్యాంటు చిరిగిందని పారేస్తారు. లోపల చూస్తే గుడ్డ చెక్కుచెదరకుండా ఉంటుంది, దారం ఒక్కటే తెగి ఉంటుంది.

రెండోది చీలమండ దగ్గరి అంచు. బోర్డు పైన అంటించే గ్రిప్ టేప్ మీద ఉండేవి సిలికాన్ కార్బైడ్ రేణువులు, అంటే వడ్రంగి వాడే గరుకు కాగితం లాంటి సరుకే. ఆలీలో ముందు పాదాన్ని పక్కకు వాల్చి బోర్డు మీద ఈడుస్తారు కాబట్టి షూ బయటి వైపుతో పాటు ప్యాంటు అంచు కూడా రాసుకుంటుంది. అంచు మడమ కిందికి జారిందంటే ఇంకా పాడు, షూకూ బోర్డుకూ మధ్య నలిగి వారంలో పీచులు లేస్తుంది.

మూడోది మోకాలు, పిరుదు పక్క. పడటం వల్ల వచ్చేది ఇది. ఎక్కడ పడ్డారన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. నున్నటి గ్రానైట్ మీద పడితే జారతారు, దెబ్బ తగులుతుంది కానీ గుడ్డ బతుకుతుంది. ఊళ్లలో వేసే సీసీ రోడ్డు మీద బండ్లు జారకుండా చీపురుతో గీతలు గీస్తారు. ఆ గీతలు ఆకురాయిలా పని చేసి, ఒక్క జారుడుకే పలుచని గుడ్డను మోకాలి దగ్గర జల్లెడ చేస్తాయి.

నాలుగోది ఎవరూ పట్టించుకోనిది: తొడ పక్కన, జేబు కింద. బోర్డును చంకలో పెట్టుకుని గ్రిప్ వైపు ఒంటికి ఆనించి నడుస్తారు. అడుగడుక్కీ గరుకు కాగితంతో రుద్దినట్టే. గ్రిప్ వైపు బయటికి పెట్టి పట్టుకుంటే చాలు, పైసా ఖర్చు లేకుండా ప్యాంటు ఆయుష్షు పెరుగుతుంది.

ఏ గుడ్డ తీసుకోవాలి?

ఏటవాలు గీతలు కనిపించే నేత ఉన్నది, అంటే ట్విల్, డ్రిల్ లేదా డెనిమ్. డెనిమ్ బరువును చదరపు గజానికి ఔన్సుల్లో చెబుతారు, మిగతా గుడ్డలను జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు గ్రాముల్లో. ఒక ఔన్సు దాదాపు 34 జీఎస్ఎం. 7 ఔన్సుల లోపు గుడ్డ చొక్కాలకు, ఇంట్లో తిరిగే ప్యాంట్లకే సరి. 8.5 నుంచి 10 ఔన్సులు, అంటే 290 నుంచి 340 జీఎస్ఎం, మన వాతావరణానికి కుదిరే బరువు. సీసీ రోడ్ల మీదే ఎక్కువగా పడేవాళ్లు 12 ఔన్సుల దాకా వెళ్లొచ్చు. 14 ఔన్సుల జీన్స్ గట్టిదే గానీ మోకాలు మడవడానికే సగం బలం పోతుంది, ఉతికితే రెండు రోజులు ఆరదు.

దుకాణంలో బరువు చెప్పలేకపోతే ఒక ఉపాయం ఉంది. 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ముక్క అడిగి తీసుకుని, కంసాలి తూకం మీద పెట్టించండి. వచ్చిన గ్రాములను వందతో హెచ్చిస్తే జీఎస్ఎం. 3 గ్రాములు తూగితే 300 అన్నమాట.

నూలా, పాలిస్టరా అన్నది ఇంకో ప్రశ్న. పూర్తి నూలు చెమట పీలుస్తుంది, కానీ పాలిస్టర్ కలిసినదానికంటే రాపిడికి తొందరగా అరుగుతుంది. పాలిస్టర్ కలిసినది తొందరగా ఆరుతుంది, రంగు నిలుస్తుంది, ఎండలో ఉక్క పోస్తుంది. బస్సు డ్రైవర్ల, స్కూళ్ల యూనిఫాంలకు అమ్మే టెరికాటన్‌ను తక్కువగా చూడకండి. అందులో మందంగా ఉన్న రకం బోర్డుకు చక్కగా సరిపోతుంది. అన్నిటికంటే మా ఓటు మాత్రం ఖాకీ డ్రిల్‌కే. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ గుడ్డల దుకాణాల్లో యూనిఫాం అరలో అడగండి, ఖాకీయే కాదు, నలుపు, నేవీ బ్లూ కూడా దొరుకుతాయి.

అమ్మేవాడి మాట నమ్మకం లేకపోతే అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. రెండూ కనిపిస్తే మిశ్రమం.

ఉబ్బెత్తు గీతలుండే కార్డురాయ్ చూడముచ్చటగా ఉంటుంది. గ్రిప్ టేప్ దాని గీతలను గొరిగేస్తుంది. గళ్లుగా గట్టి పోగులు వేసి నేసే రిప్‌స్టాప్‌లో చిరుగు పాకదు, అంతవరకే దాని గొప్ప. చాలావరకు పలుచగా ఉంటుంది కాబట్టి రాపిడికి ఆగదు.

నారాయణపేట, పోచంపల్లి చేనేత గుడ్డతో కుట్టించుకోవచ్చా?

ప్యాంటంతా వద్దు. సన్నని నూలుతో నేసినది, నేల మీద ఒక్క జారుడుకు తట్టుకోదు, ఖరీదైన గుడ్డ వృథా. మోజు తీరాలంటే జేబు సంచులకో, నడుము పట్టీ లోపలి వైపుకో వాడండి. అక్కడ మెత్తగా చల్లగా ఉంటుంది, అరగదు.

స్ట్రెచ్ ఎంత ఉండాలి?

లేబుల్ మీద ఎలాస్టేన్, స్పాండెక్స్, లైక్రా అని ఏ పేరున్నా ఒకటే, 1 లేదా 2 శాతం చాలు. అంతకు మించితే మోకాళ్ల దగ్గర సంచిలా వేలాడటం మొదలవుతుంది. కొనేటప్పుడు అడ్డంగా 10 సెంటీమీటర్ల గుడ్డను పట్టుకుని 12 సెంటీమీటర్ల దాకా లాగి, పది లెక్కపెట్టి వదలండి. వెంటనే 10కి తిరిగి రావాలి. రాకపోతే రెండు నెలలకు ఆ ప్యాంటు ఆకారం పోతుంది. వదులుగా, లోపల మియానీ (కాళ్లు కలిసే చోట వేసే ముక్క) వేసి కుట్టిన ప్యాంటుకు అసలు స్ట్రెచ్ అక్కర్లేదు.

మియానీ అంటే ఏంది?

పైజామా, సల్వార్ కుట్టే దర్జీలకు తెలిసిన పాత పనితనం. రెండు కాళ్లు కలిసే చోట వజ్రం ఆకారంలో ఒక ముక్క వేస్తారు, దాన్నే ఉర్దూ తెలిసిన దర్జీలు మియానీ అంటారు. షోరూం వాళ్లు గసెట్ అంటారు. దీంతో నాలుగు కుట్లు ఒకే బిందువులో కలవవు, నాలుగు వేరు వేరు మూలల్లోకి చెదిరిపోతాయి. లాగుడు కుట్టు మీద కాకుండా గుడ్డ మీద పడుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. కాళ్ల మధ్య గుడ్డ కిందికి వేలాడుతుంటే కదలిక బాగుంటుందనుకుంటారు. తేడా తెలియాలంటే లుంగీ కట్టుకుని స్టూలు ఎక్కి చూడండి. గుడ్డ ఎంత కిందికి ఉంటే కాలు లేపినప్పుడు రెండో కాలిని అంత లాగుతుంది. సీటు ఒంటికి దగ్గరగా ఉండి, తొడ దగ్గర వదులుండాలి.

దర్జీకి ఏం చెప్పాలి? కొలతలు ఎంత?

రెడీమేడ్‌లో వంద చూసి విసిగేకంటే కుట్టించుకోవడమే మేలు. ఈ వరసలో చెప్పండి.

గుడ్డ: 58 అంగుళాల పన్నా అయితే మామూలు ప్యాంటుకు 1.2 నుంచి 1.3 మీటర్లు. వదులు కాళ్లు, మియానీ, మోకాలి పొర కలిపితే 1.5 మీటర్లు తీసుకోండి. మిగిలిన ముక్కలు రేపటి మాసికలకు పనికొస్తాయి. నూలు గుడ్డయితే దర్జీకి ఇచ్చే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేయండి. 3 శాతం కుంచించుకుంటే 40 అంగుళాల కాలు అంగుళానికి పైగా పొట్టిదవుతుంది. కుట్టాక కుంచించుకుంటే దర్జీతో గొడవపడి లాభం లేదు.

కొలతలు: 32 నడుము ఉన్నవాళ్లకు తొడ చుట్టు 25 నుంచి 26 అంగుళాలు, మోకాలు 19 నుంచి 20, బాటమ్ 16 నుంచి 17. నడుము పట్టీలో రెండు వేళ్లు దూరాలి, అంతకంటే ఎక్కువ వద్దు. వెనక పట్టీ ముందు పట్టీకంటే ఎత్తుగా ఉండేలా కత్తిరించమనండి, వంగినప్పుడు వీపు బయటపడదు. పొడవు మాత్రం బోర్డు మీదికి వేసుకునే షూతోనే కొలిపించుకోండి, చెప్పులతో వద్దు. అంచు షూ నాలుక మీద ఆనాలి, వెనక మడమ అట్ట దాటి కిందికి రాకూడదు. బాటమ్ 14 కంటే తగ్గితే షూ మెడ దగ్గర ఇరుక్కుంటుంది, 20 దాటితే తోసే కాలి అంచు చక్రం వైపు పోతుంది. చక్రం కింద గుడ్డ పడితే బోర్డు ఆగిపోతుంది, మీరు ఆగరు.

మియానీ: 7 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, కుట్టు కోసం చుట్టూ అర అంగుళం అదనం. పొడవాటి మొనలు రెండూ మోకాళ్ల వైపు వెళ్లాలి. కొందరు దాన్ని అడ్డం తిప్పి కుట్టేస్తారు, అప్పుడు ముందు వెనక ఉబ్బుతుందే గానీ కాలు లేవదు.

కుట్టు: సీటుకు, కాళ్ల లోపలి వైపుకు రెండు వరసలు, మధ్య ఎడం అంగుళంలో ఎనిమిదో వంతు. జీన్స్ పక్కల ఉండే మడత కుట్టు వేయగలిగితే ఇంకా మంచిది. లూజు కోసం వదిలే గుడ్డ ఉండనీయండి, కుట్టు మాత్రం రెండు వరసలు పడాల్సిందే. దారం పాలిస్టర్‌ది. అడుగు పొడవు దారం చేతులకు చుట్టుకుని ఒక్క ఊపు లాగండి, తేలిగ్గా తెగితే వద్దని చెప్పండి. అంగుళానికి 8 నుంచి 10 కుట్లు. దగ్గర దగ్గరగా వేస్తే గట్టి అనుకుంటారు గానీ సూది రంధ్రాల వరస తపాలా బిళ్లల అంచులా మారి గుడ్డే అక్కడ చిరుగుతుంది. డ్రిల్‌కు 16 నంబర్ సూది, మందపాటి డెనిమ్‌కు 18. సన్న సూదితో కుడితే కుట్లు తప్పుతాయి.

జేబు మూలలు, జిప్ కింది చివర: అర అంగుళం మేర ఐదారు సార్లు ముందుకు వెనక్కి మిషన్ తిప్పమనండి. ఫ్యాక్టరీల్లో బార్‌టాక్ మిషన్ చేసే పని ఇదే.

రెడీమేడ్ కొంటే ఏం చూడాలి?

తిరగేసి చూడండి. బయటి అందం గుట్టు అక్కడ బయటపడుతుంది. సీటు కుట్టును రెండు చేతులతో అడ్డంగా లాగితే దారాల మధ్య వెలుతురు కనిపించకూడదు. జేబు సంచి వేలు కనిపించేంత పలుచనైతే తాళంచెవులకే బొక్క పడుతుంది. మోకాలి దగ్గర ముందే గీకి తెల్లగా చేసిన ఫ్యాషన్ జీన్స్ వద్దు, సగం అరిగిన గుడ్డకు పూర్తి ధర కట్టినట్టు.

కంపెనీవే కొనాలా?

అక్కర్లేదు. స్కేటర్లలో పేరున్న డికీస్ 874, డికీస్ అనే అమెరికా కంపెనీ కూలి, ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం 1967లో తెచ్చిన ప్యాంటు. దాని గుడ్డ 65 శాతం పాలిస్టర్, 35 శాతం నూలు కలిపిన ట్విల్. మన టెరికాటన్‌కు దగ్గర చుట్టం. జీన్స్ జేబు మూలల్లో రివెట్లు కొట్టే పద్ధతికి జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్ 1873లో పేటెంట్ తీసుకున్నదీ పనివాళ్ల ప్యాంట్లు చిరుగుతున్నాయనే. అంటే స్కేటర్ల కోసం ప్రత్యేకంగా పుట్టిన గుడ్డ ఏదీ లేదు, చెమటోడ్చేవాళ్ల గుడ్డనే వీళ్లు తెచ్చుకున్నారు. ఆ పని తెలిసిన దర్జీ మీ వీధిలోనే ఉండొచ్చు.

మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేయించుకోవాలా?

ర్యాంపుల మీద, మోకాళ్ల మీద జారుతూ దిగేవాళ్లకు అవసరం. రోడ్డు మీద ఆలీలు, ఫ్లిప్పులు (బోర్డును గాల్లో తిప్పే విన్యాసాలు) చేసేవాళ్లకు మోకాలికంటే ముందు అంచు పోతుంది, వాళ్లకు రెండో పొర ఉక్క తప్ప ఇచ్చేదేం లేదు. వేయించుకుంటే తొడ మధ్య నుంచి మోకాలి కింద నాలుగు వేళ్ల దాకా వేసి, కింది అంచు ఒక రెండంగుళాలు కుట్టకుండా వదిలేయమనండి. లోపల చేరిన ఎర్రమట్టి, ఇసుక దులపడానికి దారి ఉంటుంది. లేకపోతే ఆ ఇసుకే రెండు పొరల మధ్య తిరుగుతూ గుడ్డను లోపలి నుంచి తినేస్తుంది.

మోకాలి ప్యాడ్లు ప్యాంటు లోపలా, పైనా?

ముందు గట్టి ప్లాస్టిక్ గిన్నె ఉన్నవి పైనే. ఆ ప్లాస్టిక్ నేలను తాకితేనే జారుడు వస్తుంది. మెత్తటి తొడుగులు లోపల వేసుకోవచ్చు, అప్పుడు మోకాలి చుట్టు ఇంకో అంగుళంన్నర పెంచండి. ఎంత మందం ప్యాంటైనా ప్యాడ్‌కు, హెల్మెట్‌కు బదులు కాదు. గుడ్డ చర్మాన్ని కాపాడుతుంది, ఎముకను కాదు.

మే నెలల ఎట్ల? నిక్కరు వేసుకోవచ్చా?

మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో సమస్య ప్యాంటు కాదు, వేళ. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు దాటాక, అంతే. ఆ వేళల్లో 8.5 ఔన్సుల లేత రంగు నూలు ప్యాంటు హాయిగా ఉంటుంది. యాసంగి కోతలప్పుడు ఎటూ ఊళ్లో సీసీ రోడ్డంతా వడ్లే ఆరబోసి ఉంటాయి, ఆ నెల పక్కన స్కూలు గ్రౌండు చూసుకోవాల్సిందే.

నిక్కరు వేసుకోవచ్చు. ఫ్లిప్ తప్పినప్పుడు బోర్డు అంచు వచ్చి ముంగాలి ఎముకకు తగులుతుందని గుర్తుంచుకుని, మోకాలి దాకా మందపాటి సాక్స్ వేయండి. నిక్కరు మోకాలి చిప్పకంటే పైనే ఆగాలి, చిప్ప మీదికి వస్తే ప్రతి వంగుడుకూ పట్టేస్తుంది.

ట్రాక్ ప్యాంట్లు, కార్గోలు?

ట్రాక్ ప్యాంటు అల్లిక గుడ్డ, గ్రిప్ రేణువు తగిలితే పోగు లేచి గీత పడుతుంది. బ్యాలెన్స్ నేర్చుకునే మొదటి వారానికి చాలు. కార్గో మంచిదే, జేబుల్లో ఏమీ పెట్టకపోతే.

జేబుల్లో ఏం పెట్టుకోవచ్చు? బెల్టు?

ఫోన్ వెనక జేబులో వద్దు, పడేది వెనక్కే. తాళంచెవులు తొడ ముందు జేబులో ఉంటే పడ్డప్పుడు ఎముక మీద నీలం మచ్చ వేస్తాయి. సంచిలో పెట్టేయండి. బెల్టుకు పెద్ద ఇనుప బకిల్ బదులు చదునైన నాడా బెల్టు కట్టండి. షూ లేసును రెండు లూపుల్లోంచి తీసి ముడి వేయడం స్కేటర్లలో పాత అలవాటే, అదీ చాలు.

అమ్మాయిలు ఏం వేసుకోవాలె?

చున్నీ ఉన్న డ్రెస్ మీద బోర్డు ఎక్కొద్దు, చక్రంలో చుట్టుకుంటే మెడకు ప్రమాదం. లెగ్గింగ్స్ మొదటి జారుడుకే పోతాయి. అమ్మాయిల జీన్స్ చాలావరకు సన్న గుడ్డ, ఎక్కువ స్ట్రెచ్, చిన్న జేబులు. కాబట్టి అబ్బాయిల విభాగంలో చూడండి, లేదంటే దర్జీతో నడుము, హిప్ కొలతలు విడిగా తీయించి కుట్టించండి. హిప్ చుట్టుకొలతకు 4 అంగుళాలు కలిపితే గొంతుక్కూర్చోవడానికి సరిపోతుంది.

మా పిల్లగాడు పెరుగుతుండు. ఆర్నెల్లకోసారి కొనాల్నా?

అంచులో 2 నుంచి 3 అంగుళాలు లోపలికి మడిచి చేతి కుట్టు వేయించండి, పొడవైనప్పుడల్లా విప్పండి. నడుములో బొత్తాం రంధ్రాలున్న ఎలాస్టిక్ వేయిస్తే బిగించి వదులు చేసుకోవచ్చు. రేపటికి పనికొస్తుందని రెండు సైజులు పెద్దది తొడిగించకండి, అంచు తొక్కి పడతాడు.

ఎట్ల ఉతకాలి?

తిరగేసి, చల్లటి నీళ్లలో, నాలుగైదు సార్లు వేసుకున్నాక ఒకసారి. ఎర్రమట్టి తడి మీద రుద్దితే గుడ్డలోకి ఇంకా ఎక్కుతుంది. ఎండనిచ్చి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాత తడపండి. నెత్తురు మరకకు వేడి నీళ్లు తగలనీయొద్దు, చల్లటి నీళ్లలో నానబెట్టి సబ్బు పెట్టండి.

బోరు నీళ్లు చాలా ఊళ్లలో చవుడుగా, కఠినంగా ఉంటాయి. సబ్బు నురగ రాక తెల్ల పొరలా గుడ్డ మీద పేరుకుని, ఆరాక అట్టలా బిగుస్తుంది. బిగిసిన గుడ్డ మడత పడే చోటే, అంటే మోకాలి వెనక, తొందరగా విరుగుతుంది. కనీసం చివరి జాడింపు భగీరథ నల్లా నీళ్లతో చేయండి, ద్రవ డిటర్జెంట్ వాడండి. బండ మీద బాదడం మానండి, మట్టితో పాటు కుట్టూ పోతుంది. స్ట్రెచ్ ఉన్నదాన్ని నీడలో ఆరేయండి.

చిరిగితే మాసిక ఎలా?

ముందు చిరిగింది గుడ్డా, దారమా చూడండి. దారమైతే పది నిమిషాల పని: పాత కుట్టుకు రెండు వైపులా అంగుళం దాటేలా రెండు వరసలు వేయించండి. గుడ్డయితే లోపలి నుంచి మాసిక, చిరుగు చుట్టూ కనీసం 2 సెంటీమీటర్లు దాటేలా. మాసిక మూలలు గుండ్రంగా కత్తిరించండి, చదరపు మూలల దగ్గర కొత్త చిరుగు మొదలవుతుంది. అంచుల చుట్టూ ఒకసారి కుట్టి, చిరుగు మీదుగా అటూ ఇటూ జిగ్‌జాగ్ వేయించాలి. ఇస్త్రీతో అంటించే మాసికలను కుట్టకుండా నమ్మకండి, చెమటకు ఊడతాయి.

మోకాలి దగ్గర గుడ్డను వెలుతురుకు పట్టి చూసినప్పుడు అడ్డపోగులు తెల్లగా కనిపిస్తే బొక్క పడే దాకా ఆగకండి. పలుచబడ్డప్పుడు వేసిన మాసిక, బొక్క పడ్డాక వేసినదానికంటే చాలా కాలం ఆగుతుంది. అంచు పీచులు లేస్తే ఒకటిన్నర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ మడిపించండి. సీటు గుడ్డ మాసిక పక్కనే మళ్లీ చిరిగిందంటే ఆ గుడ్డ పనైపోయింది. అప్పుడు కూడా పారేయకండి, అరగని పిక్కల భాగం కోసి పెట్టుకుంటే తర్వాతి ప్యాంటుకు నాలుగు మాసికలు వస్తాయి.